జాడీ అడుగు చూడటానికి అల్లవరం దాకా

ఒక ఊరగాయ జాడీ అడుగు చూడటానికి ఎవరైనా విశాఖపట్నం నుంచి కోనసీమ వెళతారా అని మా ఆఫీసులో నవ్వుకున్నారు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. ఎండలు మండిపోతున్నాయి, వచ్చే నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది, ఫ్యాను కింద కూర్చుని ఆఖరి నివేదిక పూర్తి చేసుకోక ఈవిడకెందుకీ తిరుగుడు అన్నది వాళ్ళ మాట. నేను మాత్రం సంచీ సర్దుకున్నాను. భూతద్దం, టార్చిలైటు, మెత్తటి కుంచె, రెండు నూలు చీరలు, నీళ్ళ సీసా, పూర్తికాని నివేదిక కాగితాలు.

నా ఉద్యోగమంతా పెంకులతోనే గడిచింది. పురావస్తు శాఖలో నాతోపాటు చేరినవాళ్ళు శాసనాలు పట్టుకున్నారు, నాణేలు పట్టుకున్నారు, స్తూపాలు పట్టుకున్నారు. నేను పాత చైనా పింగాణీ పట్టుకున్నాను. మన తూర్పు తీరం పొడవునా ఇసకలో దొరుకుతుందది. లేతాకు రంగు పూత ఉన్న పళ్ళేల ముక్కలు, తెలుపు మీద నీలం తీగలల్లిన గిన్నెల అంచులు, ముదురు గోధుమరంగు జాడీల భుజాలు. వందల ఏళ్ళ కిందట చైనా దక్షిణ తీరంలో బట్టీల్లో కాలి, ఓడలెక్కి ఇక్కడిదాకా వచ్చినవి. ఆ బట్టీలు చూడటానికి ఒకసారి అక్కడికీ వెళ్ళాను. కొండంత పెంకుల గుట్ట, దాని మీద గడ్డి, గడ్డి మీద పొగమంచు. ఆ గుట్ట మీద నిలబడితే కోనసీమ ఇసక తిన్నెలు కళ్ళలో మెదిలాయి. అప్పటినుంచీ నాకు తరచు ఒకే కల వస్తుంది. కలలో పెంకులన్నీ వాటంతటవే జరుగుతూ దగ్గరికొస్తాయి, ఒకదాన్నొకటి అతుక్కుంటాయి. ఆఖరి ముక్క అతుక్కోబోయేసరికి మెలకువ వచ్చేస్తుంది.

మెలకువలో వేధించే ప్రశ్న ఇంకొకటుంది. ఓడలరేవు దగ్గర నేను ఏరిన పెంకుల్ని చూసి మా శాఖలో పెద్దలు, అవి దారినపోయే ఓడలవాళ్ళు పారేసిన చెత్త అని తేల్చేశారు. ఇక్కడివాళ్ళెవరూ ఆ సామాను కొనలేదట, వాడలేదట, చైనావాళ్ళతో ఇక్కడివాళ్ళకి ముఖపరిచయమైనా లేదట. కాదని నా నమ్మకం. కాని నమ్మకాన్ని నివేదికలో రాయలేం. ఆ ఆఖరి నివేదికలో ఒక్క వాక్యానికి చోటు వదిలి కూర్చున్నాను.

అటువంటప్పుడు, కిందటి శీతాకాలంలో ప్రిసిల్లా ఫోను చేసింది. ఒకప్పుడు నా దగ్గర తవ్వకాల పని నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు రామచంద్రపురంలో కాలేజీలో చరిత్ర చెబుతోంది, కాపురం అమలాపురంలో. అల్లవరం దాటాక ఒక ఊళ్ళో తెలిసినవాళ్ళింటికి భోజనానికి వెళ్ళిందట. అక్కడ వంటింటి మూల ఒక పాత జాడీ చూసి ఫొటో తీసి పంపింది. మెడ చుట్టూ నాలుగు చిన్న చెవులు, భుజం మీంచి కారి మధ్యలోనే గడ్డకట్టిన గోధుమరంగు పూత. నా కలలోంచి లేచి వచ్చి ఆ మూల కూర్చున్నట్టుంది.

"అడుగున నల్లసిరాతో ఏదో రాసుందంట మేడమ్," అంది ప్రిసిల్లా. "కాని జాడీ నిండా ఆవకాయ. ఖాళీ అయ్యేదాకా కదపరంట."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కాలంలో చైనా వర్తకులు ఓడలో సరుకు కలిసిపోకుండా తమ సామాను అడుగున సిరాతో ఇంటిపేరు రాసుకునేవారు. అటువంటి రాత ఉన్న వస్తువు నేను పనిచేసిన తీరంలో నాకు ఒక్కటీ దొరకలేదు. దొరికితే నా వాక్యం నాకు దొరికినట్టే. ఆ జాడీ ఖాళీ అయ్యేదాకా ఆగాను. కోనసీమలో ఒక ఇంటివాళ్ళు ఆవకాయ ఎంత వేగంగా తింటారన్న దాని మీద నా ఉద్యోగ జీవితం ఆధారపడి ఉండటం నాకే నవ్వు తెప్పించింది. వైశాఖంలో కబురొచ్చింది. పాత ఆవకాయ అయిపోయింది, కొత్తది పెట్టబోతున్నారు, ఈలోపు రమ్మని.

పొద్దున్న ఆరు దాటాక రైలు కదిలింది. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. తునిలో ఎక్కినావిడ మామిడికాయల సంచి నా కాళ్ళ దగ్గర పెట్టి, పమిటతో మొహం తుడుచుకుని, తీరిగ్గా నన్ను పరిశీలించింది.

"మీరేం చేస్తుంటారండి?"

"పాత కుండపెంకులు చూస్తుంటానండి. ఎప్పటివో, ఎక్కడివో చెప్పాలి."

"దానికి జీతమిస్తారాండి?"

"ఇస్తారండి."

"అదృష్టవంతులండి. మా ఇంట్లో రోజూ నేనూ చూస్తాను. ఒక్కరూ పైసా ఇవ్వరు."

సామర్లకోట దాటాక ఆవిడ నిద్రపోయింది. నేను కిటికీలోంచి కోతలైపోయిన చేలు చూస్తూ కూర్చున్నాను. నీళ్ళు లేని చేలలో ఎండ నీళ్ళలాగే కదులుతోంది. రెప్ప వాలితే చాలు, చేల మీదుగా తెరచాపలు పోతున్నాయి. రెప్ప ఎత్తితే కొంగలు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో రాజమండ్రి. స్టేషను బయట రెండు ఇడ్లీలు తిని, చల్లటి రోజ్‌మిల్క్ తాగి, ఆటోలో బస్సు కాంప్లెక్సుకి వెళ్ళాను. అమలాపురం బస్సులు తరచుగానే ఉంటాయి. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు, కార్డు మరిచిపోకండి. ఎడమవైపు కూర్చుంటే ఎండ. అది నేను కూర్చున్నాక తెలిసింది.

రావులపాలెం ముందు వంతెన మీద గౌతమి కనిపించింది. వేసవి గోదావరి, ఇసక ఎక్కువ, నీళ్ళు తక్కువ. రావులపాలెంలో లారీలకి అరటి గెలలు ఎక్కిస్తున్నారు, ఊరంతా పచ్చి అరటి వాసన. అక్కడ తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఎక్కి నా వెనక సీట్లో కూర్చున్నారు. అరటి వ్యాపారమట. కోనసీమలో పలకరించకుండా ప్రయాణం చేయడం కుదరని పని. నేను వెళ్ళే పని చెప్పాను.

"మా అమ్మమ్మగారింట్లో కూడా అలాటివుండేవండి," అన్నారాయన. "రంగం జాడీలనేవారు. అప్పట్లో మనోళ్ళు పనికి రంగూన్ వెళ్ళేవారు కదండి. వచ్చేటప్పుడు ఒకటి మోసుకొచ్చేసేవారు. మీరు చూసేదీ అదే అయ్యుంటాదండి."

"అయ్యుండొచ్చండి," అన్నాను. నేను లోపల్లోపల భయపడుతున్నదే ఆయన పైకి అన్నారు. బర్మాలోనూ అచ్చం ఇలాంటి జాడీలే చేశారు. నూరేళ్ళ కిందట ఏ కూలి నెత్తిన పెట్టుకుని దిగాడో, వందల ఏళ్ళ కిందట ఏ ఓడలోంచి దిగిందో తేల్చేది ఆ అడుగున ఉన్న నల్ల గీతలే. అవి ఉంటే నేను నెగ్గినట్టు. లేకపోతే అదొక రంగం జాడీ.

కొత్తపేట దాటాక రెండు పక్కలా కొబ్బరి చెట్లు దగ్గరికొచ్చేశాయి. ఎండ ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు పడుతోంది. కాలవ వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. ఏది కొత్త ఊరో ఏది పాత ఊరో తెలియకుండా ఒకటే నీడలో పోతున్నట్టుంది. పెద్దాయన దిగిపోతూ రెండు చక్రకేళీలు నా ఒళ్ళో పెట్టి, "జాడీ చైనాదే అవ్వాలని కోరుకుంటానండి," అన్నారు. మర్యాదకి కూడా హద్దుండాలి.

మధ్యాహ్నానికి అమలాపురం. గడియార స్తంభం దగ్గర లాడ్జిలో గది, శుభ్రంగానే ఉంది, నీళ్ళు వస్తాయి. నాలుగు దాటాక ప్రిసిల్లా స్కూటరు మీద వచ్చి, రేపటిదాకా గదిలో కూర్చోలేరు కదా అంటూ నన్ను ఓడలరేవు తీసుకెళ్ళింది. దారి పొడవునా రొయ్యల చెరువులు, వాటిలో నీళ్ళు చిలికే చక్రాలు. చివర్న వైనతేయ సముద్రంలో కలిసే చోటు.

ఇప్పుడక్కడ ఓడలూ లేవు, రేవూ లేదు. దూరంగా గ్యాసు ప్లాంటు మంట పగలే వెలుగుతోంది. తడి ఇసక మీద అలవాటు కొద్దీ తల వంచి నడిచాను. ఒక లేతాకు రంగు పెంకు దొరికింది, గోరంత. నీళ్ళలో కడిగి ఎండకి పట్టుకుంటే లోపల వెలుగున్నట్టుంది. ఎవరి పళ్ళెమో, ఆ పళ్ళెంలో ఏ కూర తిన్నారో. సముద్రం అలల మీద ఎండ పొడిచి పొడిచి మాయమవుతోంది. ఆ వెలుతురులో ఒడ్డున నిలబడితే, ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

"మా ముత్తాతలు పొలాల్లో కూలికెళ్ళి, నాగలికి అడ్డొచ్చిన పెంకులు ఏరి పారేసినవాళ్ళు మేడమ్," అంది ప్రిసిల్లా నవ్వుతూ. "నేనేమో ఏరి దాచుకుంటున్నాను. మా అమ్మ ఇప్పటికీ అడుగుద్ది, చదివించింది ఇందుకేనా అని."

రాత్రి భోజనం వాళ్ళింట్లో. పనసాకు దొన్నెల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి. వాళ్ళమ్మగారు నా పళ్ళెం ఖాళీ కానివ్వలేదు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఆటోలో బయలుదేరాం. అల్లవరం దాటాక కాలవగట్టు మీద కొంతదూరం, తర్వాత కొబ్బరితోటల మధ్య మట్టిదారి. మస్కట్ డబ్బుతో కట్టిన చిన్న డాబా ఇల్లది. ఆ ఇంటావిడ సత్యవతిగారు, యాభై దాటి ఉంటాయి. రాజోలులో చెల్లెలింటికి మామిడికాయల కోసం వెళ్ళి అప్పుడే వచ్చారట, మెట్ల దగ్గర బస్తా ఇంకా దింపుకుంటున్నారు. ఆవిడ భర్త సూరిబాబుగారు ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలోకే ఎదురొచ్చారు. మస్కట్‌లో పెద్ద హోటల్లో చాలా ఏళ్ళు గిన్నెల విభాగంలో పనిచేసి, రెండేళ్ళయింది ఇంటికొచ్చి.

"రండి మేడమ్ గారూ, ఎండన పడి వచ్చేరు. ముందు బొండాం తాగండి," అన్నారు. బొండాం తాగాను. ఇంకోటి కొట్టారు. అదీ తాగాను. నా కళ్ళు అరుగు మీద ఎత్తుపీట మీద కూర్చున్న దాని మీదే ఉన్నాయి. పైన కొత్త తువ్వాలు కప్పి ఉంది. 

సూరిబాబుగారు తువ్వాలు తీశారు. ఫొటోలో చూసిన దానికంటే నిండుగా ఉంది. నడుము దగ్గర కుమ్మరి వేళ్ళు తిరిగిన చారలు కూడా తెలుస్తున్నాయి. చిన్నప్పుడు విడిపోయిన మనిషిని చూసినట్టుంది. ఇన్నేళ్ళూ ముక్కలు చూసినదాన్ని, మొత్తాన్ని ఎలా చూడాలో తెలియలేదు.

"తవరు అడుగు చూస్తారని ప్రిసిల్లమ్మగారు చెప్పేరండి," అన్నారు సూరిబాబుగారు. "చూడండి మరి." రెండు చేతులా జాడీని పసిపిల్లాడిలా వొడిసిపట్టి, నెమ్మదిగా పక్కకి వొంచారు.

అడుగు తళతళలాడుతోంది. కాల్చిన మట్టి సహజమైన రంగు, లేత బిస్కత్తు రంగు, అంచు నుంచి అంచుదాకా ఒక్క మచ్చ లేదు.

"నిన్న సాయంత్రం నేనే కూర్చుని తోమేనండి," అన్నారాయన. మొహం వెలిగిపోతోంది. "నల్లగా పట్టేసి ఉందండి, ఎన్నాళ్ళ జిడ్డో. మా ఇంటి అత్తాకోడళ్ళు ఎప్పుడూ దీనికి నీళ్ళు తగలనివ్వరండి, ఊరగాయ బూజు పడతాదని, పొడిగుడ్డతో తుడవడమే. పెద్దాఫీసరుగారు చూసేదే అడుగైనప్పుడు, ఆ అడుగు అలా ఉంచితే మన మర్యాదేం కావాలండి? చింతపండు పెట్టేను, పోలేదు. ఇటిక పొడేసి కొబ్బరి పీచుతో రుద్దేను. ఆఖర్న మస్కట్ నుంచి తెచ్చిన పౌడరుంటే అది వేసేను. అప్పుడొదిలిందండి."

ప్రిసిల్లా నా వైపు చూడలేదు. నేను భూతద్దం తీశాను. అడుగంతా అంగుళం అంగుళం వెతికాను. ఒక పక్క నీడలా ఏదో ఉందనిపించింది, టార్చి వేస్తే అదీ లేదు. ఇన్ని వందల ఏళ్ళు తుఫానులూ వరదలూ చేయలేని పనిని ఒక పెద్దమనిషి నా మీది గౌరవంతో ఒక్క సాయంత్రంలో చేసేశాడు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ లోపలే ఉంచుకున్నాను.

తలెత్తితే ఆయన ఎదురుచూస్తున్నారు.

"నా సర్వీసులో ఇంత శుభ్రమైన అడుగు చూడలేదండి," అన్నాను. అది అక్షరాలా నిజం.

"ఆయ్," అన్నారాయన తృప్తిగా, జాడీని మళ్ళీ నిలబెడుతూ. "మరి ముప్పూటలా అదే పనండి అక్కడ."

సత్యవతిగారు మెట్ల మీదే నిలబడి ఉన్నారు. ఆ అడుగు ఆవిడా అప్పుడే చూశారు. బస్తా అక్కడే వదిలి లోపలికెళ్ళారు. కాస్సేపటికి మంచినీళ్ళిస్తానని నన్ను వంటింట్లోకి పిలిచారు.

"పోయిందాండి?" అన్నారు నెమ్మదిగా.

"పోయిందండి."

"నేనూళ్ళో ఉంటే తోమనిచ్చేదాన్ని కాదండి. ఆయనకి ఆ రాత సంగతి ఎప్పుడూ పట్టలేదు. చెప్పకండమ్మా ఆయనకి. అన్నేళ్ళు ఆ హోటల్లో తోమేరు, ఒక్కరూ బాగుందనలేదంట. తవరిప్పుడు బాగుందన్నారు. ఆ మాటకి ఇవాళ ఆయన అన్నం సరిగ్గా తింటారు."

"చెప్పనండి," అన్నాను. చెప్పి ఏం ప్రయోజనం. గోడకి జారగిలబడ్డాను. నివేదికలో ఆ వాక్యం చోటు కళ్ళ ముందు తెల్లగా కనిపించింది. అరటి వ్యాపారి మాట చెవిలో తిరుగుతోంది, రంగం జాడీ, రంగం జాడీ అని.

సత్యవతిగారు మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చారు. "తవరికి కావలసింది ఆ రాతే కదండి," అన్నారు. "అది నాకొచ్చండి."

నాకర్థం కాలేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఇప్పుడు ఖాళీగా ఉన్న జాడీ మూలకి నన్ను తీసుకెళ్ళారు. కొత్త ఆవకాయ పెట్టిన రోజున ఈ మూల తుడిచి, ముందు ముగ్గేసి, దాని మీద జాడీని కూర్చోబెడతారట. ఆ ఇంట్లో ఆ ముగ్గు ఇంకెక్కడా వేయరు, ఇంకెప్పుడూ వేయరు. అత్తగారు కోడలికి నేర్పుతుంది. జాడీ అడుగున ఉన్నదే నేల మీదా ఉండాలి, లేకపోతే ఊరగాయ నిలవదు. సత్యవతిగారు కాపురానికొచ్చిన మొదటి వేసవిలో వాళ్ళత్తగారు నేర్పారట.

"ఇవాళే పెడుతున్నాం కదండి. వేసేస్తాను, చూడండి," అని బియ్యప్పిండి గిన్నె తెచ్చుకున్నారు.

నేను నేల మీద కూర్చున్నాను. ప్రిసిల్లా గుమ్మంలో నిలబడింది. బయట సూరిబాబుగారు మామిడికాయలు తుడుస్తున్న చప్పుడు.

ఆవిడ పైన ఒక అడ్డగీత వేశారు, ఎడమనుంచి కుడికి. చెయ్యెత్తేశారు. దాని కింద ఇంకో అడ్డగీత. మళ్ళీ చెయ్యెత్తారు. పైగీత మధ్యలోంచి కిందికి ఒక నిలువు గీత. చెయ్యెత్తారు.

"మామూలు ముగ్గులకి గీత తెగకూడదంటారు కదండి. దీనికి మాత్రం తెంచి తెంచి వేయాలంట. ఒక్కో గీతకీ చెయ్యెత్తాలంట," అన్నారు.

నేను ముందుకి వంగాను. ఆవిడ పిండి వేళ్ళు నిలువు గీత చివర ఆగాయి.

"కింది గీత ఆఖర్న వెయ్యాలండి. ఎవరికైనా ముందు మూడు అడ్డగీతలూ వేసేసి తర్వాత నిలువు గీయాలనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే వేస్తే మా అత్తగారు చెరిపించేరు. కింది గీత ఆఖర్న వేస్తేనే జాడీ కుదురుగా కూర్చుంటాదంట." కింద మూడో అడ్డగీత లాగి, చేయి దులుపుకున్నారు. తర్వాత చుట్టూ తామర రేకులు, తీగలు వేసుకుంటూ పోయారు. అవి ఏ అత్తగారు ఎప్పుడు కలిపిందో.

రేకుల సంగతి నాకు పట్టలేదు. మధ్యలో ఉన్నది చైనావాళ్ళ ఇంటిపేరు. మా పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా పోల్చగలిగేదే. కాని నా కళ్ళ నీళ్ళు తిరిగింది అందుకు కాదు. గీతలు చూసి అలాంటి గీతలే గీయడం ఎవరైనా చేస్తారు. అడుగున ఉన్న సిరాని చూసి ఎక్కించుకుంటే గీతలే వస్తాయి, వరస రాదు. ఏ గీత ముందో, ఏ గీత వెనకో, ఎక్కడ చెయ్యెత్తాలో ఆరిపోయిన సిరా చెప్పదు. రెండు అడ్డం, ఒక నిలువు, ఆఖర్న కింది అడ్డం. ఆ పేరు రాయడం నేర్చుకునే చైనా పిల్లలు నేర్చుకునే వరస అది. అది రావాలంటే రాస్తుండగా చూడాలి. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని రాసి చూపించి ఉండాలి. తప్పు వేస్తే చెరిపించి ఉండాలి.

కాస్సేపు నేను ఆ వంటింట్లో లేను. ఈ తీరాన ఎక్కడో ఒక వసారా, ఓడ సామాను, మెడకి తాడు కట్టిన కొత్త జాడీ. భాష రాని ఒక మనిషి తడి ఇసక మీద వేలితో తన పేరు రాస్తున్నాడు. ఎదురుగా ఒక ఆడమనిషి అతని వేలినే చూస్తోంది. ముందు కింది గీత వేయబోతే అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చెరిపేసి మళ్ళీ వేసింది. అతనెవరో, ఎందుకు నేర్పాడో, ఆవిడెందుకు నేర్చుకుందో నాకెప్పటికీ తెలియదు. కాని ముఖపరిచయమైనా లేదన్న మాట మాత్రం అబద్ధం.

"ఏవండి, బాగోలేదాండి?" అన్నారు సత్యవతిగారు నా మొహం చూసి.

"చాలా బాగుందండి," అన్నాను. "ఇది ఒక మనిషి ఇంటిపేరండి. ఈ జాడీ తెచ్చినాయనది."

ఆవిడ ముగ్గుకేసి చూసి, పమిట భుజం మీదికి లాక్కున్నారు. "అయ్యో, ఇన్నాళ్ళూ మాకు తెలీదండి. ప్రతి ఏడూ ఆయన పేరు మీదే ఊరగాయ పెడుతున్నామన్నమాట."

ప్రిసిల్లా ఫొటోలు తీసింది. తర్వాత నా చెవి దగ్గర, "దీన్ని ఒప్పుకుంటారా మేడమ్?" అంది. ఒప్పుకోరు. ముగ్గులో నాలుగు గీతల్ని ఎవరు సాక్ష్యమంటారు. యాదృచ్ఛికమంటారు. ఇంట్లోవాళ్ళెవరో రంగూన్ వెళ్ళినప్పుడు అక్కడి చైనావాళ్ళు నేర్పి ఉంటారనీ అనొచ్చు. అది కూడా అబద్ధమని నేను రుజువు చేయలేను. నాలో ఉన్న ఆఫీసరు అదంతా లెక్క వేసుకుంది. నాలో ఉన్న మనిషికి మాత్రం ఆ కల ఆఖరి ముక్క అతుక్కున్నట్టే ఉంది.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. మామిడికాయలు కొట్టే కత్తిపీట దగ్గర సూరిబాబుగారు, ఆవపిండీ కారమూ కలిపే దగ్గర సత్యవతిగారు. నూనె వాసనకి తుమ్ములు. మేం చూడటమయ్యాక ఆయన జాడీని మళ్ళీ ఎండలో పెట్టి, గుడ్డతో పదేపదే తుడిచి, చెమ్మ లేదని నాచేత కూడా తడిమించారు. ముక్కలన్నీ నింపాక, భార్యాభర్తలిద్దరూ చెరో వైపు పట్టుకుని ముగ్గు మీద నెమ్మదిగా దింపారు. పేరు జాడీ కింద మాయమైంది, తామర రేకులు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. సత్యవతిగారు మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టి, ఆ తాడుని నాలుగు చెవుల్లోంచీ దూర్చి బిగించారు. ఆ చెవులు పెట్టిందే అందుకు.

"మళ్ళీ ఏడు దాకా కదపమండి," అన్నారు సూరిబాబుగారు. "అప్పుడు మళ్ళీ తోమి పెడతాను, తవరు రావాలి."

"ఆయ్, వస్తానండి," అన్నాను. ఆయన మాట నాకంటుకుంది.

పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, కొత్త ఆవకాయ ముద్ద. తిన్నాక లేవడం కష్టమైంది. వెళ్ళేటప్పుడు సత్యవతిగారు ఒక సీసాలో కొత్త ఆవకాయ పెట్టిచ్చి, "మూడోరోజు తిరగకలపండి, తడి గరిటె పెట్టకండి," అని రెండుసార్లు చెప్పారు. సూరిబాబుగారు ఆటోదాకా వచ్చి సీసా ఒలకకుండా నా సంచీలో గుడ్డలు కుక్కారు.

సాయంత్రం అమలాపురంలో బస్సెక్కాను. ప్రిసిల్లా బస్టాండులో నిలబడి, బస్సు కదిలాక కూడా చెయ్యి ఊపుతూనే ఉంది. రావులపాలెం వంతెన మీద పొద్దు వాలుతోంది. ఇసక తిన్నెల మధ్య నీళ్ళు అడ్డంగా ఒక గీత, కిందికి ఇంకో గీత. కళ్ళు ఎటు తిప్పినా నాకదే కనిపించింది.

రాజమండ్రిలో రైలు కొద్దిగా ఆలస్యం. ఎక్కాక నా ఎదుటి సీట్లో ఒకావిడ గాలి పీల్చి, "ఎవరో ఆవకాయ తెచ్చేరండి," అంది. నేనే అన్నాను. "కోనసీమ నుంచాండి?" అని ఆవిడ నవ్వింది. కాస్సేపు కారం పాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. పెట్టెలో అందరూ ఒకరి మీద ఒకరు వాలి కునుకుతున్నారు.

ఆ వంటింట్లో ఇప్పుడు ఆ పేరు జాడీ కింద, ఆవకాయ బరువు కింద, భద్రంగా ఉండి ఉంటుంది. ఆఫీసుకి ఏం రాయాలి? తోమేశారని రాస్తే సూరిబాబుగారి మొహం గుర్తొస్తుంది. కాలక్రమంలో చెరిగిపోయిందని రాస్తే అబద్ధం. ఇన్నేళ్ళూ ఒక్క అబద్ధమూ రాయనిదాన్ని, ఆఖరి పేజీలో మొదలుపెట్టలేను. కిటికీ బయట అనపర్తి దీపాలు పోయాయి. పెన్ను తీసి, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంచిన చోట రాశాను.

"ఈ జాడీ అడుగున నేడు రాత లేదు. ఆ రాత ఆ ఇంటి ఆడవాళ్ళ చేతిలో ఉంది."

నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. సంచీ ఒళ్ళో పెట్టుకుని, సీసా ఒలకకుండా రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుని, విశాఖపట్నం వచ్చేదాకా నిద్రపోయాను.